సెంటర్ ఫార్వర్డ్‌కు నాలుగు హద్దులు

మల్లేశ్వర్ ఎట్లాంటివాడని శంషాబాద్‌లో ఎవరినడిగినా మంచివాడనే చెబుతారు. చెన్నయ్యను మాత్రం అడగకూడదు. తన ఇంట్లో చాప వేయించుకుని కూర్చుని, మూడుసార్లు మటన్ వేయించుకుని, మూలుగ బొక్కను చప్పరించి, చేయి కడుక్కుని, తిన్నగా దుకాణానికి పోయి ఆ మటన్‌నే తన క్లబ్బు ఖర్చు కింద రాసిన మనిషిని చెన్నయ్య ఏ నోటితో మంచివాడంటాడు? నెలకు నాలుగు ఆదివారాలు, ఆదివారానికి మూడు కిలోలు అని మల్లేశ్వర్ లెక్క కట్టాడు. తాను తిన్న ముక్కలనైనా అందులోంచి తీసేయలేదు.

మల్లేశ్వర్ ఒకప్పుడు సహకార బ్యాంకులో క్లర్కు. ఉద్యోగం అయిపోయాక బస్టాండు పక్కన జిరాక్సు దుకాణం పెట్టాడు. విమానాశ్రయం చుట్టుపక్కల ఆరు ఫుట్‌బాల్ క్లబ్బులుంటే వాటి లీగ్‌కు కార్యదర్శి కూడా అయ్యాడు. ఖాళీగా ఉన్న మనిషి చేతిలో కంప్యూటర్ ఉండకూడదు. యూరప్‌లో పెద్ద క్లబ్బులు అడ్డగోలుగా ఖర్చు పెడుతున్నాయని, వాటికి పగ్గాలు వేస్తూ కొత్త రూలు తెచ్చారని అందులో చదివాడు. వారం తిరగకముందే ఆ రూలు శంషాబాద్‌కు వచ్చింది. ఒక కాగితం మీద అచ్చు వేసి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, దుకాణం గోడకు కొట్టాడు.

ఆట మీద ఎంత సంపాదిస్తే అంతే ఖర్చు పెట్టాలి. అధ్యక్షుడి సొంత జేబు ఆదాయం కింద రాదు. లోటు ఉంటే దాన్ని కూడా ఆట మీదే సంపాదించి, రెండువేల పన్నెండు జూన్ ముప్పై, శనివారం సాయంత్రం ఐదు గంటల లోపల లీగ్ ఖాతాలో కట్టాలి. కట్టలేని క్లబ్బు ఏడాదిపాటు ఆడకూడదు. ఆ క్లబ్బు ఆటగాళ్ళూ ఆడకూడదు. ఇదీ రూలు. చెన్నయ్య అధ్యక్షుడిగా నడిపే క్లబ్బు పేరు రన్‌వే యూత్. దాని లోటు ముప్పై తొమ్మిది వేలు.

చెన్నయ్యకు యాభై రెండేళ్ళు. నాలుగో తరగతిలో బడి మానేసి బర్ల వెంట పోయిన మనిషి. ఉన్న కాస్త భూమి అమ్మి మూడు కిరాయి గదులు కట్టాడు. కట్టిన మరుసటి ఏడే భార్య భారతమ్మ పోయింది. పిల్లలు లేరు. గదుల్లో ఉండేవాళ్ళంతా విమానాశ్రయంలో డ్యూటీ చేసేవాళ్ళు; రాత్రి పోతారు, పగలు పడుకుంటారు, కిరాయి పైసలు కిటికీలో పెట్టి పోతారు. సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఇంట్లో మాట్లాడేది కుక్కర్ ఒక్కటే. ఆదివారం ఆట అయ్యాక మాత్రం పదకొండు మంది వచ్చి, వాకిట్లో కాళ్ళు కడుక్కుని, "అన్నా, ఉప్పు జర తక్కువైంది" అని వంకలు పెడుతూ తినిపోయేవాళ్ళు. ఆ వంకల కోసం చెన్నయ్య వారమంతా ఎదురుచూసేవాడు. క్లబ్బు మూతపడితే వంక పెట్టేవాళ్ళు కూడా ఉండరు. అతనికి ఫుట్‌బాల్ అంటే అది.

ఆ శనివారం పొద్దున చెన్నయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కాగితం, పదింటికి మల్లేశ్వర్ దుకాణం, పదకొండింటికి ఇల్లు. తన సెంటర్ ఫార్వర్డ్ జగదీశ్‌ను మైలార్‌దేవ్‌పల్లి క్లబ్బుకు నలభై వేలకు అమ్మాలి. నిజంగా కాదు. అమ్మిన భూమినే కౌలుకు తీసుకుని దున్నుకుంటున్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఊరికి పదిమంది ఉన్నారు. ఆటగాడిని కూడా అట్లాగే అమ్మి, ఈ ఏడు కౌలుకు తన దగ్గరే ఉంచుకుంటే తప్పేముంది? మైలార్‌దేవ్‌పల్లి క్లబ్బు అధ్యక్షుడు బాలమల్లు ఎవరో కాదు, భారతమ్మ తమ్ముడే. ఇక ఆ నలభై వేలు కూడా చెన్నయ్యవే. ముందు రోజు సాయంత్రమే బామ్మర్ది చేతిలో పెట్టి వచ్చాడు. ఆ పైసలనే బాలమల్లు నలుగురి ముందు తిరిగి చెన్నయ్యకు ఇవ్వాలి. అప్పుడవి ఆట మీద సంపాదించిన పైసలవుతాయి.

"మా అక్క మొకం చూసి ఒప్పుకుంటున్న బావా. లేకుంటే గిసువంటి పనులకు నేను రాను," అన్నాడు బాలమల్లు, నోట్లు రెండోసారి లెక్కపెట్టుకుంటూ.

"మీ అక్క ఉంటే నాకు ఫుట్‌బాల్ ఎందుకురా?" అన్నాడు చెన్నయ్య.

బాలమల్లు నోట్లను మూడోసారి లెక్కపెట్టాడు.

తొమ్మిదింటికి ఇద్దరూ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట రేకుల కింద ముత్తయ్య ముందు కూర్చున్నారు. ముత్తయ్య ముప్పై ఏళ్ళుగా భూముల దస్తావేజులు రాస్తున్నాడు. ఆ చుట్టుపక్కల చేతులు మారిన ప్రతి గుంటా ఆయన కలం కిందనుంచే పోయింది. మనిషిని అమ్మే కాగితం మాత్రం ఎప్పుడూ రాయలేదు. అందుకని ఆయనేమీ బెదరలేదు. బాండ్ పేపర్ తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, "ఆస్తి ఏంది?" అని అడిగాడు.

"ఆస్తి కాదు కాకా, మనిషి. జగదీశ్ అని, మా సెంటర్ ఫార్వర్డ్."

"సరే. హద్దులు చెప్పు."

"మనిషికి హద్దులేంది కాకా?"

"హద్దులు లేకుంటే రేపు పక్కోడొచ్చి నాదంటడు. హద్దుల్లేని కాగితం నా చేతులకెళ్ళి ఇంతదనుక పోలే. వాడు ఆడేటప్పుడు ఏడ నిలబడుతడు, చెప్పు."

చెన్నయ్య కళ్ళు మూసుకుని మైదానం తలచుకున్నాడు. తూర్పున ఎదుటివాళ్ళ గోల్‌పోస్టు, పడమర నడిమి గీత, ఉత్తరాన ఎడమ పక్క ఆడేవాడు, దక్షిణాన కుడి పక్క ఆడేవాడు. ముత్తయ్య తృప్తిగా రాసుకున్నాడు.

"కానీ కాకా, సగం ఆట అయినంక గోల్ మారుతది. అప్పుడు తూర్పు పడమర అయితది గదా?"

ముత్తయ్య కలం ఆపాడు. "అయితే సర్వే చేయించాలె. వారం పడతది."

"వద్దు వద్దు, మొదటి సగమే రాయి," అన్నాడు బాలమల్లు.

"ధర?"

"నలభై వేలు."

"నలభయ్యా? అయితే నాలుగు ఎక్కిస్తున్న," అన్నాడు ముత్తయ్య. చెన్నయ్య తలూపాడు. బాలమల్లు కూడా తలూపాడు. ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. చేతిలో ధర వేరు, కాగితం మీద ధర వేరు అనేది ఆ ముగ్గురికీ ఉగ్గుపాలతో వచ్చిన సంగతి. స్టాంపు ఖర్చు తగ్గాలంటే కాగితం మీద ధర తగ్గాలి. ఎవరైనా అసలు ధర రాయమంటే ముత్తయ్య ఆ మనిషికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంటాడు. అసలు ఈ కాగితం పుట్టిందే నలభై వేలు చూపించడానికన్న సంగతి ఆ తలలు ఊగినప్పుడు ఏ తలలోనూ లేదు. కౌలు మాట కూడా రాయలేదు. ఎప్పుడు రాశారు గనక? కౌలు అంటే నోటిమాటే.

ముత్తయ్య రాగం తీసి చదివాడు. సదరు జగదీశ్‌ను నిధి నిక్షేప జల తరు పాషాణ సహితంగా, సర్వహక్కులతో, నాలుగు వేల రూపాయలకు శాశ్వతంగా విక్రయించడమైనది. చెన్నయ్య తన పేరులోని మూడు అక్షరాలు కూడబలుక్కుని సంతకం చేశాడు. నలుగురి ముందు బాలమల్లు నలభై వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. రాతకూలి, బాండ్ పేపర్ కలిపి మూడు వందలు చెన్నయ్య కట్టాడు. ఇంత సాఫీగా జరిగిన పని అతని జీవితంలో ఇంకోటి లేదు.

మల్లేశ్వర్ ఆ కాగితాన్ని ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పి చూశాడు. "చెన్నయ్యా, దీంట్ల నాలుగు వేలే ఉంది గదా."

"అది కాగితం మీద ధర సార్. అసలుది నలభై. ఇగో పైసలు," అని చెన్నయ్య నోట్లకట్టను బల్ల మీద పెట్టాడు.

"కాగితం మీద నాలుగు, చేతుల నలభై. మరి ముప్పై ఆరు ఏడికెళ్ళి వచ్చినయి?"

"సార్, లోకంల అందరు గిట్లనే రాసుకుంటరు గదా!"

"లోకం సంగతి నాకెర్క లేదు. నాకు పదమూడో రూలు ఎర్కే. లెక్క తేలని పైసలన్నీ అధ్యక్షుని జేబువే. సొంత జేబును ఆదాయం అని చూపిస్తే ఐదు వేలు జరిమానా." మల్లేశ్వర్ గోడ మీది కాగితం వైపు వేలు చూపించాడు. అక్కడ నిజంగానే ఉంది. "ముప్పై తొమ్మిది, ఐదు, నలభై నాలుగు. దాంట్ల నాలుగొచ్చినయి. ఇంక నలభై. ఐదు గంటలదనుక టైముంది."

అప్పటిదాకా బయట చాయ్ తాగుతున్న బాలమల్లు ఈ మాటలు విని గ్లాసు కింద పెట్టాడు. అతని ముఖంలో వెలుగు మెల్లగా వచ్చింది, రోడ్డు పక్క ప్లాటు సగం ధరకు దొరికినవాడి ముఖంలో వచ్చినట్టు.

"సార్, జర ఆగుర్రి. అంటే జగదీశ్ మాకు నాలుగు వేలకే వచ్చినట్టా?"

"కాగితం ప్రకారం అంతే."

"మరి నేను నలభై ఇచ్చిన గదా, నలుగురి ముంగట. ఎక్కువిచ్చిన ముప్పై ఆరు నాకు వాపస్ రావాలె గదా సార్?"

"న్యాయంగా రావాలె," అన్నాడు మల్లేశ్వర్.

చెన్నయ్య నోరు తెరిచాడు. ఆ పైసలు తనవేనని చెబితే అమ్మకమే ఉత్తదని తేలుతుంది. ఉత్త అమ్మకానికి ఏం శిక్షో పద్నాలుగో రూలులో ఉంది: రెండు క్లబ్బులూ మూడేళ్ళు ఇంట్లో కూర్చోవాలి, ఆటగాళ్ళతో సహా. మూసుకుంటే ముప్పై ఆరు వేలు పోతాయి, తెరిస్తే పిల్లల మూడేళ్ళు పోతాయి. చెన్నయ్య నోరు మూసుకుని, తన పైసలను తనే లెక్కపెట్టి, బామ్మర్దికి ఇచ్చాడు.

"మీ అక్క ఉంటే నీ చెంప పగిలేదిరా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఆమె ఉంటే నువ్వే ఇంత దూరం రాకపోదువు బావా," అన్నాడు బాలమల్లు అంతే మెల్లగా. అందులో వెటకారం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

కాగితం సవరించమని చెన్నయ్య ముత్తయ్య దగ్గరికి పరుగెత్తాడు. సవరణ దస్తావేజు రాయవచ్చునని, అయితే కొన్నవాడు కూడా సంతకం పెట్టాలని ముత్తయ్య చెప్పాడు. చెన్నయ్య ఫోన్ చేశాడు. నాలుగు వేలకు వచ్చినదాన్ని నలభై అని ఒప్పుకుంటూ సంతకం పెట్టేవాడు శంషాబాద్ నుంచి మహేశ్వరం దాకా ఒక్కడున్నా చూపించమని బాలమల్లు అడిగాడు. చెన్నయ్య ఆలోచించాడు. లేడు.

"కనీసం కౌలు మాటన్న నిలబెట్టుకో. ఈ ఏడు వాడు నా దగ్గర్నే ఆడాలె అనుకున్నం గదా."

"నోటిమాటకు రూలు లేదంట బావా. సార్‌ను అడిగిన."

మధ్యాహ్నానికి జగదీశ్ వచ్చాడు. విమానాశ్రయంలో సరుకులు ఎత్తే పని అతనిది. యూనిఫాం మీదనే వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు. అమ్మకం ఉత్తదేనని, ఎక్కడికీ పోయేది లేదని చెన్నయ్య అతనికి ముందే చెప్పి ఉన్నాడు. అమ్మకం నిజమైందన్న బాధ అతని ముఖంలో కొంత ఉంది. ధర విన్న బాధ దానికంటే ఎక్కువగా ఉంది.

"నాలుగు వేలా అన్నా? పోయిన బక్రీద్‌కు మా అమ్మ అమ్మిన మేకపోతు ఆరున్నర పలికింది."

"అది కాగితం మీద ధరరా. అసలు ధర కాదు."

"మరి నేను పోతున్నది కాగితం మీదనే గదన్నా."

చెన్నయ్య అన్నం తిన్నావా అని అడిగాడు. జగదీశ్ తినలేదు, కానీ తిన్నానన్నాడు. మూడేళ్ళలో ఆ పిల్లవాడు అతనికి చెప్పిన మొదటి అబద్ధం అది.

భూమికి ఒక గుణం ఉంది. ఒక సర్వే నెంబరులో ఒక ప్లాటు ఏ ధరకు రిజిస్ట్రేషన్ అయితే, పక్క ప్లాట్లన్నిటికీ అదే ధర. ఈ సంగతి ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. రన్‌వే యూత్‌లో ముందువరుస ఆటగాడు నాలుగు వేలకు పోయాడన్న వార్త ఒంటిగంటకల్లా కాటేదాన్ దాటింది. రెండింటికి అత్తాపూర్ క్లబ్బు అధ్యక్షుడు స్కూటర్ మీద వచ్చి, హెల్మెట్ తీయకుండానే అడిగాడు.

"అన్నా, గోల్‌కీపర్‌ను ఇస్తవా? పైసలు తెచ్చిన, నాలుగు."

"అమ్మకానికి పెట్టలేదు," అన్నాడు చెన్నయ్య.

"ఒకటి అమ్మినంక రేటు పడ్డట్టే గదన్నా."

చెన్నయ్య మల్లేశ్వర్ వైపు చూశాడు. చివరి అమ్మకం ధరే క్లబ్బు ధర అని మల్లేశ్వర్ పదహారో రూలు చూపించాడు. ఆ రూలు పొద్దున గోడ మీద ఉందో లేదో చెన్నయ్యకు గుర్తు రాలేదు.

అతను కర్ర తీసుకుని అత్తాపూర్ మనిషిని తరిమేవాడే. గోల్‌కీపర్ లక్ష్మణ్ అడ్డం వచ్చాడు. పార్కింగ్‌లో చీటీలు చింపే పని మధ్యలో వదిలి వచ్చాడు. చేతిలో ఇంకా చీటీల పుస్తకం ఉంది.

"అన్నా, కోపం చేయకు. ఆగస్టుల జిల్లా సెలక్షన్ ఉంది. ఐదు దాటితే మన క్లబ్బు బందవుతది, దాంతోపాటు మేము కూడా. క్లబ్బు లేనోన్ని సెలక్షన్‌కు రానియ్యరు."

"నువ్వు పోతనంటున్నవా?"

"పోతనంటలేను. నువ్వు పొమ్మంటే పోత అంటున్న."

చెన్నయ్య అతని చేతిలో చీటీల పుస్తకం వైపు చూశాడు. నాలుగో తరగతిలో తనను ఎవరూ ఆపలేదు, ఎవరూ పంపలేదు. "పో," అన్నాడు.

ఇక కట్ట తెగింది. ఒకరి తర్వాత ఒకరు డ్యూటీల మధ్యలో వచ్చారు. తల వంచుకుని నిలబడేవారు. చెన్నయ్య పొమ్మనేవాడు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు రాజేంద్రనగర్‌వాళ్ళు, కాటేదాన్‌వాళ్ళు, మహేశ్వరంవాళ్ళు జేబుల్లో నాలుగేసి వేలు పెట్టుకుని దిగారు. అంత తక్కువకు వస్తున్న సరుకు తమకు అవసరమా, తమ లెక్కలో జాగా ఉందా అని ఒక్కడూ ఆలోచించలేదు. ప్లాట్లు కొన్న అలవాటు. అయ్యో ఆ రోజు కొనలేదే అని పదేళ్ళ తర్వాత ఏడవడం వాళ్ళకు ఇష్టం లేదు. ముత్తయ్య తన బల్లను ఎత్తించుకుని జిరాక్సు దుకాణం ముందే వేయించాడు. జగదీశ్ కాగితాన్నే జిరాక్సు తీసి పేరు ఒక్కటి మార్చాడు. హద్దులు అందరికీ అవే. ఆ లెక్కన శంషాబాద్ గోల్‌కీపర్ కూడా ఎదుటివాళ్ళ గోల్‌పోస్టు పక్కనే నిలబడతాడు. కాగితానికి మూడు వందలు మాత్రం చెన్నయ్యే కట్టాడు. అమ్మేవాడే కట్టాలట.

నాలుగున్నరకు పదిమంది పోయారు. మిగిలింది ఐలయ్య.

ఐలయ్యకు ముప్పై ఆరేళ్ళు. విమానాశ్రయం దగ్గర వ్యాను నడుపుతాడు. వెనక వరుసలో ఆడతాడు, అంటే ఎక్కువగా నిలబడతాడు. రెండు మోకాళ్ళూ పోయాయి. బంతి వచ్చినప్పుడు "అన్నా, వస్తుంది" అని అరవడం తప్ప అతను చేసేది పెద్దగా లేదు. వచ్చిన ఐదు క్లబ్బులవాళ్ళూ అతన్ని చూసి పక్కకు తప్పుకున్నారు. చెన్నయ్యకు ఆ రోజు మొదటిసారి ఊపిరాడింది. క్లబ్బు పోతే పోనీ. ఒక్కడు మిగిలితే చాలు. ఆదివారం ఇద్దరూ కూర్చుని తింటారు. ఐలయ్యకు సెలక్షన్లూ లేవు, నిషేధమంటే భయమూ లేదు.

"నన్నెవడు కొంటడన్నా?" అని నవ్వాడు ఐలయ్య, దుకాణం మెట్టు మీద చెన్నయ్య పక్కన కూర్చుంటూ. "మా ఇంటిదే నన్ను ఉత్తగ ఇస్తనన్నా ఎవరు తీసుకుంటలేరని అంటది."

"నువ్వుండు. రేపు బగారన్నం చేస్త. నీకు ఇష్టం గదా."

"మసాలా జర ఎక్కువెయ్యి. పోయినసారి దవాఖాన తిండిలెక్క ఉండె."

చెన్నయ్య నవ్వాడు. నాలుగు గంటల యాభై నిమిషాలకు మహేశ్వరం అధ్యక్షుడు తిరిగి వచ్చాడు. ఇప్పటికే ఇద్దరిని కొనుక్కుని పోయిన మనిషి.

"అన్నా, గీ ఐలయ్యను కూడ రాయించు."

"ఆయనకు మోకాళ్ళు లేవు," అన్నాడు చెన్నయ్య చప్పున. తన ఆటగాడి గురించి అంత చెడ్డగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు. "ఉరకలేడు. నిలబడితే కూర్చోలేడు."

"ఆట సంగతి వద్దన్నా. మాకు కావాల్సింది బండి. పిల్లలను ఆటకు తీసుకపోయి తీసుకొస్తే మా కిరాయి ఖర్చు మిగులుతది. ఆటగాడైతే ఉత్తగ నడుపుతడు గదా."

ఐలయ్య లేచి నిలబడ్డాడు. ముప్పై ఆరేళ్ళ వయసులో తనను కొంటామని ఒక మనిషి నాలుగు వేలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ సంతోషాన్ని దాచుకుందామని చాలా ప్రయత్నం చేశాడు. దాగలేదు.

"పోనా అన్నా?"

చెన్నయ్య అతని ముఖంలోకి చూశాడు. "పో," అన్నాడు పదోసారి.

ఐదు గంటలకు మల్లేశ్వర్ షట్టరు సగం దింపి పైసలు లెక్కపెట్టాడు. ఒకసారి కూడి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ కూడాడు. పదకొండు నాలుగులు నలభై నాలుగు. లోటు ముప్పై తొమ్మిది, జరిమానా ఐదు. రూపాయి అటు లేదు, ఇటు లేదు. మల్లేశ్వర్ లేచి వచ్చి చెన్నయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చెన్నయ్యా, నీ క్లబ్బు బతికింది!"

చెన్నయ్య అతన్ని చూశాడు. బతికినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి అర్థం కాలేదు. ఇంటికి పోయాడు.

మరుసటి రోజు ఆదివారం. అలవాటు చొప్పున తొందరగా లేచాడు. మార్కెట్ దాకా నడిచి, మటన్ కొట్టు ముందు కాసేపు నిలబడి, పావుకిలో అడగడానికి సిగ్గుపడి, వంకాయలు కొనుక్కుని వచ్చాడు. కిరాయి గదుల్లో అందరూ పడుకున్నారు. వాకిట్లో చప్పుడు కాకూడదని తలుపు కూడా మెల్లగా వేశాడు. పది గంటల నుంచి ఫోన్ మోగడం మొదలుపెట్టింది. జగదీశ్ అనుకుని పరుగెత్తాడు. బాలమల్లు. ఎత్తగానే బూతు. రెండోసారి మోగితే అత్తాపూర్. అదే బూతు. మూడోసారి ఎత్తలేదు. పన్నెండింటికి మల్లేశ్వర్ స్వయంగా వచ్చాడు. చంకలో గుడ్డ చుట్టిన పెద్ద వస్తువు ఒకటి ఉంది.

"రాత్రంత నిద్రలేదు చెన్నయ్యా. లెక్కలు చూసిన. ఆరు క్లబ్బులల్ల రూలుకు లోబడింది నీదొక్కటే."

"మిగతా ఐదు?"

"మొన్నటిదనుక బరాబర్ ఉండె. లోటు లేదు, మిగులు లేదు. నిన్న నీ ఆటగాళ్ళను కొని ఒక్కొక్కటి నాలుగు, ఎనిమిది, పన్నెండు వేలు లోటుకు పోయినయి. సంపాదించిన దానికంటే ఎక్కువ ఖర్చు. ఐదు దాటింది. ఏడాది బంద్."

"మరి పిల్లలు?" చెన్నయ్య గోడ పట్టుకున్నాడు. "జగదీశ్, లక్ష్మణ్... నా పిల్లలు?"

"ఏ క్లబ్బుల ఉంటే ఆ క్లబ్బుతోపాటే. రూలు అందరికి ఒకటే." మల్లేశ్వర్ గొంతులో కూడా కొంచెం బాధ ఉంది. అయినా గుడ్డ విప్పాడు. మూరెడు ఎత్తు వెండిరంగు కప్పు. "ఆడేతందుకు ఇంకో క్లబ్బు లేదు. ఉన్నదే గెలిచినట్టు. ఇరవై రెండో రూలు. ఈ ఏడు లీగ్ నీదే."

చెన్నయ్య కప్పును తీసుకున్నాడు. ఊహించినదానికంటే తేలికగా ఉంది. దాని మీద రన్‌వే యూత్ అని అప్పుడే చెక్కించి ఉంది. చెక్కించిన ఖర్చు గెలిచిన క్లబ్బుదేనని, రెండు వందల యాభై అని మల్లేశ్వర్ మొహమాటంగా చెప్పాడు. చెన్నయ్య లోపలికి పోయి తెచ్చి ఇచ్చాడు.

"కూర్చో సార్. అన్నం తినిపో. వంకాయ కూర చేసిన."

"వద్దు చెన్నయ్యా. కొత్త సీజన్ ఇయ్యాల్టి నుంచే లెక్క. తింటే రాయాల్సొస్తది."

"రాసుకో సార్. ఏం కాదు. కూర్చో."

అంత బతిమాలి చెన్నయ్య ఆ మనిషిని ఏనాడూ ఏదీ అడగలేదు. మల్లేశ్వర్ ఒక్క క్షణం వంటింటి వైపు చూశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. గెలిచిన జట్టు ఫోటో పేపరుకు పంపాలట. చెన్నయ్య కప్పు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"జర నడుమకు రా," అన్నాడు మల్లేశ్వర్ అలవాటుగా.

"దేనికి నడుమ సార్?"

మల్లేశ్వర్ ఫోటో తీసుకుని, చెప్పులేసుకుని, వెళ్ళిపోయాడు. ఎదుటి గదిలో డ్యూటీ మనిషి ఒకడు తలుపు తీసి, వాకిట్లో కప్పుతో నిలబడ్డ ఇంటి ఓనర్‌ను చూసి, మళ్ళీ తలుపు వేసుకుని పడుకున్నాడు.

బామ్మర్ది చేతిలో పెట్టిన నలభై వేలు, ముత్తయ్య రాసిన పదకొండు కాగితాలకు మూడు వేల మూడు వందలు, కప్పు మీద పేరుకు రెండు వందల యాభై కలిపి ఆ ఏడు చెన్నయ్యకు పోయింది అక్షరాలా నలభై మూడు వేల ఐదు వందల యాభై రూపాయలు. అందులో ఒక్క రూపాయి కూడా క్లబ్బు ఖర్చు కింద రాదని మల్లేశ్వర్ రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు.